గండమ్ పక్కన పటాన్‌చెరు షెడ్డు

ప్రశ్న: 1/144 స్కేలు గండమ్ కిట్ పూర్తి చేశాను. చుట్టూ పాడుబడ్డ ఫ్యాక్టరీ కట్టాలనుంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, వెలిమెల

జవాబు: ముందు కొలతలు తేల్చుకోండి. 1979 నాటి జపాన్ యానిమేషన్ సీరియల్‌లో తొలి గండమ్ రోబో ఎత్తు 18 మీటర్లు. మీ స్కేలులో పన్నెండున్నర సెంటీమీటర్లు. ఆ లెక్కన మనిషి 12 మిల్లీమీటర్లే. షెడ్డు తలుపు దగ్గర అలాంటి బొమ్మ ఒక్కటి నిలబెట్టండి, రోబో ఎంత పెద్దదో చూసేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

నమూనా కోసం జపాన్ ఫొటోలు వెతకొద్దు. మీ పక్కనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ ఉంది. అక్కడ పాత రేకుల షెడ్డును దగ్గర నుంచి చూడండి. తుప్పు ఎక్కువగా బోల్టుల చుట్టూ, కోసిన అంచుల దగ్గర మొదలై, వాననీరు జారిన దారిలో చారలుగా దిగుతుంది. అందుకే ముదురు గోధుమ రంగు వేశాక, నారింజను చాలా పలచగా, పైనుంచి కిందికే లాగాలి. రేకుల కోసం అల్యూమినియం ఫాయిల్‌ను పేల దువ్వెన పళ్ల మీద పరిచి వేలితో నొక్కండి. గీతలు అచ్చంగా వస్తాయి.

నేలకు థర్మాకోల్ చాలు. కానీ దాని మీద నేరుగా స్ప్రే పెయింట్ కొట్టకండి, కరిగిపోతుంది. ఫెవికాల్ పూసి, జల్లించిన ఎర్రమట్టి చల్లండి. ఆ మట్టినే రోబో పాదాలకూ అద్దండి; లేకపోతే అప్పుడే డబ్బాలోంచి తీసి పెట్టినట్టుంటుంది.