బండి చల్లారాకే బేరం

సందేహాలు – సమాధానాలు

ఈసారి తెనాలి, బాపట్ల, రేపల్లె నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది అడిగింది ఒకటే: పాత స్పోర్ట్స్ కారు కొనేటప్పుడు ఇంజన్ హీటెక్కే జబ్బును ముందే ఎలా పట్టుకోవాలి? మన దగ్గర చేతికందే ధరలో దొరికేవి పోలో జీటీ టీఎస్‌ఐ, ఆక్టేవియా ఆర్‌ఎస్, అబార్త్ పుంటో లాంటివి. అన్నీ టర్బో పెట్రోల్ ఇంజన్లే. ఇంజన్ సైజుకు మించి శక్తి రాబట్టే బళ్లు కాబట్టి వాటికి కూలింగ్ బాగుండడం ప్రాణంతో సమానం.

2015 పోలో జీటీ టీఎస్‌ఐ చూడ్డానికి వెళ్లాను. నేను వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి, ఏసీ వేసి ఉంచారు. నడిపితే చాలా బాగుంది. అడ్వాన్స్ ఇచ్చేయమంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

అప్పుడే ఇవ్వకండి. మళ్లీ వెళ్లండి, ఈసారి పొద్దున్నే. రాత్రంతా కదలని బండినే చూపించమని ముందుగా చెప్పండి. బానెట్ మీద అరచెయ్యి ఆనించండి. వెచ్చగా తగిలితే ఆ రోజుకు వెనక్కి వచ్చేయండి. ముందే వేడెక్కిన ఇంజన్ చాలా లోపాలను దాచేస్తుంది.

చల్లటి ఇంజన్‌లో కూలెంట్ మట్టం డబ్బా మీది రెండు గీతల మధ్య ఉండాలి. మూత తీసి టార్చి వేయండి. ఈ బండికి కంపెనీ పోసే కూలెంట్ గులాబీ, ఊదా రంగుల్లో తేటగా ఉంటుంది. తుప్పు రంగు గానీ జిడ్డు తెట్టె గానీ కనిపిస్తే మంచిది కాదు. తర్వాత ఇంజనాయిల్ మూత, డిప్‌స్టిక్ రెండూ తీసి చూడండి. డిప్‌స్టిక్‌కు అంటిన ఆయిల్ మజ్జిగ కలిపినట్టు తెల్లగా ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. మూతకు మాత్రమే పలచని తెల్లపొర ఉంటే కంగారు పడక్కర్లేదు. ఊళ్లోనే దగ్గర దగ్గర తిరిగే బళ్లలో చెమ్మ అలా పేరుతుంది.

ఇప్పుడు స్టార్ట్ చేసి, బెల్టుకు, ఫ్యాన్‌కు చెయ్యి దూరంగా ఉంచి, రేడియేటర్ పై హోస్‌ను నొక్కి చూడండి. ఇంజన్ వేడెక్కే కొద్దీ అది మెల్లగా గట్టిపడాలి. ఒకటి రెండు నిమిషాల్లోనే రాయిలా బిగుసుకుంటే సిలిండర్‌లోని గ్యాసు కూలెంట్‌లోకి వస్తోందేమో అనుమానించాలి. హెడ్ గాస్కెట్ పోయినప్పుడు కనిపించే లక్షణం ఇది.

చివరగా మిట్టమధ్యాహ్నం ఏసీ వేసి, నిలబెట్టి పావుగంట ఉంచండి. తర్వాత గుంటూరు రోడ్డు మీద వేగంగా నడపండి. నిలబడ్డప్పుడు వేడెక్కి, కదిలాక తగ్గితే ఫ్యాన్‌ను అనుమానించాలి. వేగంలో వేడెక్కితే రేడియేటర్ పూడిపోయిందో, వాటర్ పంప్ సరిగా తోయడం లేదో చూపించాలి. బండి ఆపాక ఒక చిన్న పంపు సన్నగా మోగడం వినిపించవచ్చు. అది టర్బోను చల్లబరిచే పంపు, లోపం కాదు.

నేను చూసిన బండి కూలెంట్ డబ్బాలో రంగులేని నీళ్లున్నాయి. 'ఇక్కడ అందరూ నీళ్లే పోస్తారండీ' అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, రేపల్లె

పోసేవాళ్లున్న మాట నిజమే. కానీ బండికి అది చేటు. కూలెంట్‌లో శుద్ధి చేసిన నీరు, గ్లైకాల్ సాధారణంగా సగం సగం ఉంటాయి. వాటితో పాటు తుప్పు పట్టనివ్వని మందులుంటాయి. ఉత్త నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. కూలెంట్ మాత్రం బిగించిన మూత కింది ఒత్తిడిలో 120 డిగ్రీలు దాటినా మరగదు. వేడి మీద మూత తీయొద్దనేది కూడా అందుకే. ఒత్తిడి తగ్గిన మరుక్షణం అది మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.

మీ వైపు సముద్రం దగ్గర. చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లు కాచిన గిన్నెకు గార కట్టినట్టే రేడియేటర్ గొట్టాలకూ కడుతుంది. పైగా ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. మా షెడ్డులో ఒక రేడియేటర్ విప్పితే, గొట్టాల మూతులు సగానికి పైగా సున్నం మెత్తినట్టు మూసుకుపోయి ఉన్నాయి. వేలితో గీకితే తెల్లపొడి రాలింది. బయటికి మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. కాబట్టి నీళ్లు ఎందుకు పోయాల్సి వచ్చిందో అడగండి. చాలాసార్లు ఎక్కడో లీకు ఉండి, రోజూ నింపలేక నీళ్లకు దిగుతారు. రేడియేటర్, వాటర్ పంప్ మార్చే ఖర్చు కనుక్కుని ఆ మేరకు ధర తగ్గించమనండి.

'థర్మోస్టాట్ తీసేశాం, ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా డైరెక్ట్ చేశాం, ఇక జన్మలో హీటెక్కదు' అంటున్నారు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, బాపట్ల

ఆ రెండు పనులూ అసలు జబ్బును కప్పిపెట్టడానికి చేసేవే. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపేది థర్మోస్టాట్. అది లేకపోతే ఇంజన్ చల్లగానే నడుస్తుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో చెమ్మ చేరుతుంది, అరుగుదల పెరుగుతుంది. మీటర్‌లోని ముల్లును నమ్ముకోకండి. చాలా కార్లలో వేడి కొంత పెరిగినా, తగ్గినా ముల్లు మధ్యలోనే నిలిచేలా అమర్చారు. మెకానిక్‌ను స్కానర్‌తో తీసుకెళ్లి, సూర్యలంక దాకా వెళ్లి రండి. స్కానర్‌లో 90 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా నిలకడగా ఉండాలి. 60, 70 దగ్గరే తచ్చాడుతుంటే ఆ బండికి ముందు థర్మోస్టాట్ పెట్టించి, అప్పుడు మళ్లీ పరీక్షించాలి.

ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో కూలెంట్ నెలనెలా కొంచెం తగ్గుతోందట. కింద చుక్క కూడా కారడం లేదు. ఎటు పోతోంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

ఈ ఇంజన్లలో వాటర్ పంప్, థర్మోస్టాట్ కలిసి ఒకే ప్లాస్టిక్ హౌసింగ్‌లో ఉంటాయి. అక్కడ లీకవడం ఈ ఇంజన్లకు బాగా తెలిసిన జబ్బు. కారిన కూలెంట్ నేలదాకా రాకుండా వేడికి ఆవిరైపోయి, గులాబీ రంగు పొక్కులా గడ్డకడుతుంది. టార్చి వేసి అదే వెతకమనండి. అది దొరికితే హౌసింగ్ మార్చాలి, వెంటనే మారిస్తే ఇంజన్‌కు ప్రమాదం లేదు. దొరకకపోతే ప్రెజర్ టెస్ట్ చేయించండి. దాంతో పాటు కూలెంట్ డబ్బా మూతి దగ్గర నీలం ద్రావకంతో గ్యాస్ పరీక్ష కూడా. ద్రావకం పసుపు రంగుకు తిరిగితే హెడ్ గాస్కెట్ పోయినట్టే. హెడ్ బెండ్ అయి ఉంటే దాన్ని చదును చేసే ఫేసింగ్ దాకా వెళ్లాలి. అలాంటి బండి వదిలేయడమే మేలు.

నాన్నగారు పంట డబ్బు ఇస్తామన్నారు. విజయవాడ బండి, ధర బాగా తక్కువ. 2024 వరదలో మునిగిందేమోనని భయం.
– ఒక విద్యార్థి, బాపట్ల

నీ భయం సరైనదే. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్నో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కడిగి పాలిష్ పట్టినా బురద కొన్ని మూలల్లో మిగిలిపోతుంది. ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య సందులో చూడు. ఫ్యాన్ మోటార్ కనెక్టర్ ఊడదీసి, లోపల పచ్చటి తుప్పు ఉందేమో చూడమను. సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద చార కనిపించవచ్చు. పాలసీ నంబర్‌తో ఇన్సూరెన్స్ కంపెనీని అడిగితే క్లెయిమ్ సంగతి తెలుసుకోవచ్చు.

ఆ డబ్బు నాన్నగారి ఏడాది కష్టం, బాబూ. పొద్దున ఆరింటికి వస్తామని, అప్పటిదాకా బండి స్టార్ట్ చేయొద్దని ఫోన్‌లో చెప్పు. అందుకు సరేనన్నవాళ్లతోనే బేరం మొదలుపెట్టు.