సెల్‌ఫోనులో సేద్యపు పాఠము - ఇంటిల్లిపాదికి ఉపయోగపడు విధము



శిక్షణ తరగతులు సాధారణముగా పగటివేళ, ఊరికి దూరముగా జరుగును. కలుపు తీయు స్త్రీలు, పసిబిడ్డల తల్లులు, నడవలేని వృద్ధులు అచటికి రాలేరు. కాని పైరులో పురుగును ముందుగా చూచునది తరచు కలుపు తీయువారే. వారికి పాఠము అందకున్నచో నష్టము పైరుకే. సెల్‌ఫోనులో చూడదగిన పాఠము ఈ లోటును కొంతవరకు తీర్చగలదు.

మొక్కజొన్నను ఆశించు కత్తెర పురుగును ఉదాహరణగా తీసికొందము. ఇది 2018లో మన దేశమున మొదట కర్ణాటకలో కనబడి, ఆ సంవత్సరమే తెలుగు రాష్ట్రములకు వ్యాపించినది. పురుగు తలపై ఇంగ్లీషు ‘వై’ అక్షరమును తలక్రిందులు చేసినట్టి గీత, తోక దగ్గర చతురస్రముగా నాలుగు నల్లని చుక్కలు ఉండును. ఈ గురుతులను చెప్పుటకంటె చూపుట మేలు. ఫోనులో బొమ్మను ఆపి, పెద్దది చేసి, చేనిలో దొరికిన పురుగుతో పోల్చుకొనవచ్చును. ఎదిగిన పురుగు మొవ్వులోపల దాగి, రంపపు పొట్టువంటి విసర్జనతో పైన కప్పివేయును. అప్పుడు మందు దానికి సరిగా తగలదు. కనుక ఈ పాఠము వచ్చే నెల తరగతి కొరకు ఆగరాదు.

పాఠమును ఈ విధముగా వినియోగించుకొనుడు:

1. రాత్రి భోజనమైన పిదప ఇంటివారందరు కలిసి చూడుడు. ఫోను మగవారి జేబుకే పరిమితము కారాదు.

2. చదువురానివారు చూచి, విని నేర్వగలరు. వినికిడి తక్కువైనవారికి మాటలు అక్షరములలో కూడ కనబడు పాఠమును ఎన్నుకొనుడు.

3. సిగ్నలు బాగున్నచోట పాఠమును ముందే దింపుకొని, చేనివద్ద మరల చూడుడు.

4. మరునాడే చేనిలో ఐదు చోట్ల మొక్కల మొవ్వులు విప్పి పరిశీలింపుడు. చేసి చూడని పాఠము నిలువదు.

5. పాఠము ఎవరు చెప్పినది, ఏ ప్రాంతమునకు, ఏ సంవత్సరమునకు చెప్పినది గమనింపుడు. మందులు అమ్ముకొనువారి ప్రకటనను పాఠమని భ్రమపడరాదు. మందును, మోతాదును వ్యవసాయాధికారినిగాని, కృషి విజ్ఞాన కేంద్రమునుగాని అడిగి, డబ్బాపై చీటీ చూచి నిర్ణయించుకొనవలెను.

సందేహము కలిగినచో 2004లో ఆరంభమైన కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 నంబరుపై ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును.

ఫోను పాఠము చేనిలో జరుగు ప్రదర్శనకు బదులు కాదు. దానికి తోడు మాత్రమే. తరగతికి పోగలవారు తప్పక పొండు. పోలేనివారికి ఆ తరగతిని ఇంటికి తెచ్చి చూపుడు.