ముహూర్తంతో పాటు గోదావరినీ చూడండి

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. మధ్యలో లంకలు ఉండటంతో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. వరద తీసిన నెలల్లోనే నదిలో పని సాగేది. ఆ ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ అంతటి ఇంజనీరే గోదావరి వేళను బట్టి పని పెట్టుకున్నాడు. నెల జీతం మీద, బ్యాంకు అప్పు మీద ఇల్లు కట్టే మనం మాత్రం ఆషాఢం వెళ్ళగానే ముహూర్తం కుదిరిందని శ్రావణంలో పునాదులు తవ్విస్తాం. నాలుగు రోజులు ముసురు పడితే గోతుల నిండా నీళ్ళే. తోడటానికి మోటారు అద్దె, జారిన మట్టి మళ్ళీ తీయడానికి కూలి. అనుకున్న లెక్క తప్పడం అక్కడే మొదలవుతుంది.

ఏ నెలలో ఏ పని

ఒక అంతస్తు ఇంటికి మన డెల్టాలో మాఘమాసం మంచి ఆరంభం. సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళిన పనివాళ్ళు అప్పటికి తిరిగొస్తారు. ఉగాదికి ప్లింత్ బీము, మే నెలాఖరుకి శ్లాబు పడేలా చూసుకోండి. దాళ్వా కోతలప్పుడు ధాన్యం పనులకు కూలీలు వెళ్ళిపోతారు, ఆ రెండు వారాలు ముందే లెక్కలో వదిలేయండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి నీటి ఏర్పాటు ముందే ఉండాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీరు ఉప్పగా ఉంటే కాంక్రీటుకు వాడకండి, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. వానాకాలమంతా శ్లాబు కింద లోపలి ప్లాస్టరింగు, వైరింగు, టైల్స్ చేయించుకోవచ్చు. బయటి రంగులు వానలు తగ్గాక వేయించి, కార్తీకంలో గృహప్రవేశం పెట్టుకోండి.

మెరక ఖర్చు ముందే రాయండి

చాలామంది అంచనాలో మెరక ఉండదు. 5 సెంట్ల స్థలం అంటే 2,178 చదరపు అడుగులు. మూడడుగులు ఎత్తు చేయాలంటే 6,534 ఘనపుటడుగుల మట్టి కావాలి. తడిపి తొక్కించాక దిగుతుంది కనుక ఇంకా ఎక్కువే పడుతుంది. 1986 ఆగస్టు వరదలో, 2022 జులై వరదలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఆ వీధి పెద్దవాళ్ళను అడగండి. అరుగు మట్టం దాన్నిబట్టి తేల్చుకోండి. నల్లరేగడి నేల తడికి ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. మట్టి పరీక్ష చేయించాకే పునాది ఏ రకమో ఇంజనీరును అడగండి. అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ కావాలని తేలితే ఆ ఖర్చు మొదటి రోజే తెలుస్తుంది.

ఇసుక, సిమెంటు

ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత ఇసుక విధానం 2024 జులై 8న మొదలైంది. అయినా తవ్వి ఎత్తే ఖర్చు, రవాణా ఖర్చు మనవే. వరద వస్తే రేవుల్లో తవ్వకం ఆగిపోతుంది. ప్లాస్టరింగుకు సరిపడా ఇసుక మే నెలలోనే తోలించి పట్టా కప్పి ఉంచండి. సిమెంటు మాత్రం ముందుగా కొని నిల్వపెట్టొద్దు, వానగాలికి గడ్డకడుతుంది.

శ్లాబు రోజు మీరు సెలవు పెట్టి అక్కడే ఉండండి. వెయ్యి చదరపు అడుగుల శ్లాబు అయిదంగుళాల మందానికి, బీములు కాకుండా, ఎమ్20 కాంక్రీటులో సుమారు 95 బస్తాల సిమెంటు పడుతుంది. సెంట్రింగు మట్టం సరిగా లేక ఒక్క అంగుళం మందం పెరిగితే మరో 19 బస్తాలు పోతాయి. టేపు పట్టుకుని నిలబడితే ఆ డబ్బు మిగులుతుంది.

తొందరపడి తడపడం తగ్గించొద్దు. పీపీసీ సిమెంటైతే కనీసం పది రోజులు తడి ఆరకూడదు. ఇంజనీరు చెప్పకుండా సెంట్రింగు తీయించకండి. ఈ రోజులు పని ఆగినట్టు కనిపించినా, ఇంటికి బలం వచ్చేది అప్పుడే.

మార్పులు, చెల్లింపులు

డబ్బు ఎక్కువగా పోయేది మధ్యలో చేసే మార్పుల దగ్గర. గోడ లేచాక బాత్రూము జరపడమంటే కూల్చిన కూలి, కట్టిన కూలి రెండూ మనవే. ముగ్గు పోశాక ఇంట్లో ఆడవాళ్ళను, పెద్దవాళ్ళను ఆ గీతల మధ్య నడిపించండి. వంటగది చాలదని వాళ్ళు అప్పుడే చెబితే ఖర్చు మళ్ళీ పోసిన ముగ్గు వరకే. ఫ్యాన్లు, లైట్ల చోట్లు శ్లాబుకు ముందే తేల్చేయండి, పైపులు అందులోనే వెళ్తాయి.

మేస్త్రీతో ఒప్పందం కాగితం మీద రాసుకోండి: ఏ కొలతకు ఎంత, సెంట్రింగు సామాను ఎవరిది, ఏ దశకు ఎంత చెల్లింపు. పనికి మించి అడ్వాన్సు ఇవ్వకండి, చేసిన పనికి బాకీ పెట్టకండి. శనివారం బట్వాడా తప్పితే సోమవారం మనుషులు రారు. బ్యాంకు అప్పు దశ పూర్తయ్యాకే విడుదలవుతుంది. అందుకని ఒక దశకు సరిపడా సొంత డబ్బు చేతిలో ఉండాలి. 30 లక్షల ఇల్లయితే 27 లక్షలకే ప్లాను గీయించి, మిగతా 3 లక్షలు వేరే ఖాతాలో ముట్టకుండా ఉంచండి.

ఉద్యోగం హైదరాబాదులోనో గల్ఫులోనో ఉంటే, ఊళ్ళో నమ్మకమైన ఒకరికి నోటు పుస్తకం ఇచ్చి వచ్చిన బస్తాలు, మనుషుల సంఖ్య రోజూ రాయించి ఫోటో తెప్పించుకోండి.

పంతులుగారి దగ్గరకు వెళ్ళే ముందే ఇంజనీరుతో కూర్చుని నెలవారీ పనుల పట్టిక రాయించుకోండి. అందులోంచి రెండు మూడు తేదీలు తీసుకెళ్ళి, వాటిలో మంచి ముహూర్తం చూడమని అడగండి.