ముసురు రోడ్డుకు ఏ టైరు? డబ్లిన్‌కు వస్తున్న కలిగిరి వాళ్ళకు

కలిగిరి, వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి డబ్లిన్‌కు చదువుకో ఉద్యోగానికో వచ్చేవాళ్ళు ఇక్కడి వానకు జంకుతూ దిగుతారు. లెక్క చూస్తే జంకాల్సిన పని లేదు. నెల్లూరు జిల్లా సగటు వాన ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. డబ్లిన్‌లో అది 750 దగ్గరే ఆగిపోతుంది. తేడా అంతా కురిసే తీరులో ఉంది. మనకు అక్టోబరు, డిసెంబరు మధ్య వాయుగుండం పట్టిందంటే రెండు రోజులు కుండపోత, ఆ తర్వాత నెలల తరబడి ఎండు నేల. ఐర్లండ్ తూర్పు తీరంలో ఏడాదికి సుమారు 150 రోజులు వాన పడుతుంది, పడేది ఎక్కువగా ముసురే. గొడుగు తీయాలా వద్దా అని ఆలోచించేలోపే ఆగిపోతుంది, రోడ్డు మాత్రం సాయంత్రం దాకా ఆరదు. బస్సు ఛార్జీలు మిగుల్చుకుందామని రోడ్ బైకు కొనుక్కునేవాళ్ళు వానకోటు కంటే ముందు టైర్ల సంగతి చూసుకోవాలి.

మన మెట్ట ప్రాంతంలో సైకిలు తొక్కిన వాళ్ళకు టైరు అనగానే పంచరే గుర్తొస్తుంది. సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ, కంకర రాయి. అందుకే టైరు మందంగా ఉండాలనీ, గాలి రాయిలా కొట్టించాలనీ, గాట్లు లోతుగా ఉంటే జారదనీ మనకు చిన్నప్పటి నుంచి ఒక లెక్క ఉంటుంది. మట్టిదారికి ఆ లెక్క సరిపోతుంది. తడిసిన తారురోడ్డు మీద మాత్రం తలకిందులవుతుంది.

గాట్లు

కారు టైరుకు గాట్లు కావాలి. టైరు వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి వేగంలో దాని కింద నీళ్ళు చిక్కుకుని బండి తేలిపోయే ప్రమాదముంది. ఆ నీళ్ళు బయటికి పోవడానికే గాట్లు. సైకిలు టైరు సన్నన, గుండ్రన. నీళ్ళను పక్కలకు తోసేసి నేరుగా రోడ్డును తాకుతుంది. విమానాల టైర్ల మీద పరీక్షలు చేసి నాసా వాళ్ళు తేల్చిన సూత్రం ఒకటుంది: టైరులో గాలి ఎంత ఎక్కువుంటే నీళ్ళ మీద తేలడానికి అంత ఎక్కువ వేగం కావాలి. 60 పీఎస్ఐ గాలికి ఆ లెక్క కడితే గంటకు 130 కిలోమీటర్ల దాకా వస్తుంది. సైకిలు మీద ఆ వేగం మనకు రాదు. కాబట్టి నున్నటి టైరు చూసి భయపడకండి. తారు మీద లోతు గాట్ల టైరుకు రోడ్డును తాకే రబ్బరే తగ్గుతుంది, పైగా మలుపులో ఆ ముక్కలు అటూ ఇటూ వంగుతాయి. కాలువ గట్ల మీద మట్టిదారుల్లో వెళ్ళాల్సి వస్తే తప్ప వాటితో పని లేదు.

రబ్బరు

పట్టు ఇచ్చేది రబ్బరు మెత్తదనం, అందులో కలిపిన సరుకు. సిలికా కలిపిన రబ్బరుకు తడిలో పట్టు పెరుగుతుంది. మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుంది, గట్టి రబ్బరు ఏళ్ళ తరబడి వస్తుంది కానీ చలికి మరింత బిగుసుకుని తడి మలుపులో జారుతుంది. ఎక్కువ కాలం వస్తుందని షాపువాడు చెప్పిన టైరు గురించి తడిలో పట్టెలా ఉంటుందని కూడా అడగండి.

ఇక్కడ ఎక్కువగా వినపడే పేర్లు మూడు. కాంటినెంటల్ వాళ్ళ గ్రాండ్ ప్రి ఫోర్ సీజన్ తడి పట్టుకూ పంచరు రక్షణకూ మధ్యస్థంగా నిలుస్తుంది, ఏడాది పొడవునా ఆఫీసుకు తొక్కేవాళ్ళు దీన్నే ఎక్కువగా మెచ్చుకుంటారు. అదే కంపెనీ గేటర్‌స్కిన్‌కు పంచర్లు ఆపడంలో పేరుంది, తడిలో మాత్రం ఫోర్ సీజనే మేలని తొక్కేవాళ్ళ మాట. ష్వాల్బే మారథాన్ ప్లస్ లోపల 5 మిల్లీమీటర్ల మందాన రబ్బరు పొర ఉంటుంది. ముల్లు దిగడం అరుదు. కానీ 28 మిల్లీమీటర్ల వెడల్పులో దాని బరువు ఫోర్ సీజన్‌కు రెండింతలకు పైనే, రిమ్ముకు ఎక్కించేటప్పుడు బొటనవేళ్ళు వాచిపోతాయి. నెమ్మదిగా, బరువు వేసుకుని, చదునైన దారిలో వెళ్ళేవాళ్ళకు అది బాగానే ఉంటుంది.

సైజు, వెడల్పు

టైరు పక్కన అచ్చు వేసిన అంకెలు చదవడం ముందు నేర్చుకోండి. 28-622 అని ఉంటే వెడల్పు 28 మిల్లీమీటర్లు, రిమ్ముకు కూర్చునే అంచు వ్యాసం 622. దీన్నే 700×28సి అని కూడా రాస్తారు. మన అట్లాస్, హీరో పెద్ద సైకిళ్ళ 28×1½ టైరు అంచు వ్యాసం 635. రెండింటినీ 28 అంగుళాలనే అంటారు కానీ ఒకదాని టైరు రెండోదానికి పట్టదు. అంగుళాలు చెప్పి ఆన్‌లైన్‌లో టైరు తెప్పించుకోవద్దు, 622 అన్న అంకె చూసి కొనండి.

సెకండ్ హ్యాండ్‌లో దొరికే పాత రోడ్ బైకులకు తరచూ 23 మిల్లీమీటర్ల టైర్లుంటాయి. అవి వేగం మోజు నాటివి. తడి రోడ్డుకు 28 మంచిది, చోటుంటే 32 ఇంకా మంచిది. చోటు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం: ఇప్పుడున్న టైరుకూ ఫ్రేముకూ మధ్య, టైరుకూ బ్రేకుకూ మధ్య అలెన్ కీలు దూర్చి సందు కొలవండి. కొత్త టైరు ఎక్కాక కూడా 4 మిల్లీమీటర్ల కీ చుట్టూ ఆడాలి. మడ్‌గార్డులు పెట్టాలంటే ఆ చోటు వేరే. రిమ్ము బ్రేకులున్న పాత ఫ్రేములు చాలావాటికి 25 దాటదు. అప్పుడు 25 తోనే సరిపెట్టుకుని మంచి రబ్బరు మీద డబ్బు పెట్టండి. మడ్‌గార్డు లేకపోతే వెనక చక్రం చిమ్మే బురద నీళ్ళు వీపు మీద గీత గీస్తాయి, ఆఫీసులో అందరికీ మీరు సైకిలు మీద వచ్చారని తెలిసిపోతుంది.

గాలి

టైరు పక్కన రాసిన గరిష్ఠ ఒత్తిడి అంకె ఒక హద్దు మాత్రమే, అంత కొట్టాలని కాదు. రాయిలా కొట్టిన టైరు గతుకుల మీద ఎగురుతుంది, ఎగిరిన క్షణంలో పట్టుండదు. 70 కిలోల మనిషి 28 మిల్లీమీటర్ల టైరుకు ముందు 60, వెనక 70 పీఎస్ఐతో మొదలుపెట్టొచ్చు. 32కు ముందు 50, వెనక 60 లోపే చాలు. ల్యాప్‌టాపు, టిఫిను బాక్సు వెనక క్యారియర్ మీద పెడితే వెనక చక్రానికి కాస్త పెంచండి. బాగా తడిగా ఉన్న రోజు రెండింటికీ ఐదేసి తగ్గించవచ్చు. మరీ తగ్గిస్తే గుంటలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ము అంచుకు నలిగి, పాము కాటులా రెండు చిల్లులు పడతాయి.

బొటనవేలితో నొక్కి చూసే అలవాటు ఇక్కడ పని చెయ్యదు. మీటరున్న నిలువు పంపు ఒకటి కొనుక్కుని వారానికోసారి చూసుకోండి. గాలి టైరుకు డన్‌లప్ పేటెంటు తీసుకున్నది 1888లో, బెల్‌ఫాస్ట్‌లో ఉంటూ. ఆ టైర్ల వ్యాపారం తొలిగా మొదలైంది డబ్లిన్‌లోనే. మనం వాల్ ట్యూబు తొడిగే వాల్వుకు డన్‌లప్ వాల్వనే పేరు. కానీ ఇక్కడి రోడ్ బైకులకు ఉండేది ప్రెస్టా వాల్వు, పెన్సిలు కంటే సన్నం. కొసనున్న చిన్న నట్టు వదులు చేసి, వేలితో ఒకసారి నొక్కి బుస్సుమనిపించి, అప్పుడు పంపు తగిలించాలి. నట్టు విప్పకుండా ఎంత కొట్టినా గాలి లోపలికి పోదు.

పంచర్లు

తడి రోజుల్లో పంచర్లు పెరుగుతాయి. తడి రబ్బరు సులువుగా తెగుతుంది. పంచరు షాపులో రబ్బరు కోసేటప్పుడు కత్తి తడుపుకునేది అందుకే. పైగా నీళ్ళు గాజుపెంకుల్ని కొట్టుకొచ్చి సైకిళ్ళు వెళ్ళే అంచునే పోస్తాయి. గాజు చాలాసార్లు వెంటనే ట్యూబును తాకదు. రబ్బరులో ఇరుక్కుని తిరుగుతూ తిరుగుతూ లోపలికి దిగుతుంది. శనివారం పూట చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ పాత గుడ్డతో తుడవండి. గుడ్డ ఎక్కడ పీచు లేచి తట్టుకుంటే అక్కడ పెంకు ఉన్నట్టు. ఫోను టార్చి వేసి చూస్తే బియ్యపు నూక అంత మెరుపు కనపడుతుంది. పిన్నీసు కొనతో పైకి లేపి తీసేయండి. సోమవారం పొద్దున్నే దారిలో ట్యూబు మార్చే బాధ దీంతో చాలావరకు తప్పుతుంది.

దారి పక్కన చెట్టు కింద పంచరు వేసే మనిషి ఇక్కడ ఉండడు. షాపుకు తీసుకెళ్తే ట్యూబు ఖరీదు కంటే కూలి ఎక్కువ కావచ్చు. ఒక ట్యూబు, రెండు టైరు లీవర్లు, చిన్న పంపు సంచిలో ఉంచుకోండి. మొదటిసారి ఇంట్లో, వెచ్చగా కూర్చుని విప్పి బిగించడం నేర్చుకోండి.

ఏ టైరూ కాపాడని చోట్లు

లువాస్ ట్రాము పట్టాలు, ఇనుప మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీద తెల్లగీతలు, అక్టోబరులో రాలి కుళ్ళిన ఆకులు. పట్టా సందులో 28 టైరైనా, 32 టైరైనా ఇరుక్కుంటుంది. వీలైనంత అడ్డంగా, సూటిగా దాటండి. దాటేటప్పుడు బ్రేకు పట్టొద్దు, హ్యాండిలు తిప్పొద్దు. వెనక బండి వస్తుంటే దిగి నడిపించుకు వెళ్ళడంలో నామోషీ ఏమీ లేదు. నాలుగు రోజులు పొడిగా ఉండి కురిసిన తొలి చినుకుల్లో రోడ్డు మీది నూనె తేలి మరీ జారుతుంది. మంచు గడ్డకట్టిన పొద్దుట సైకిలు ఇంట్లోనే పెట్టి బస్సెక్కండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ఉద్యోగానికి వచ్చినవాళ్ళు కంపెనీలో బైక్ టు వర్క్ పథకం ఉందేమో ముందు అడగండి. 2009లో మొదలైంది. మామూలు కొత్త సైకిలుకు 1,250 యూరోల దాకా ఖర్చు మీద పన్ను మిగులుతుంది. సైకిలుతో పాటు పంపు, మడ్‌గార్డులు, లైట్లు, తాళం, పంచరు సామాను కూడా అందులోకి వస్తాయి.

విద్యార్థులు పాత సైకిలు బేరమాడేటప్పుడు టైరు పక్కల పగుళ్ళు, నడుమ బల్లపరుపుగా అరిగిన రబ్బరు చూసి, రెండు కొత్త టైర్ల ధర తగ్గించమనండి. రెండూ ఒకేసారి కొనలేకపోతే ముందు చక్రానికి మంచి టైరు కొనండి. వెనక చక్రం జారితే తేరుకునే వీలుంటుంది, ముందుది జారితే పడ్డాకే తెలుస్తుంది. వెనక టైరు త్వరగా అరుగుతుంది. అది అరిగినప్పుడు ముందుదాన్ని వెనక్కి మార్చి, కొత్తదాన్ని ముందు వేయండి. అరిగినదాన్ని ఎప్పుడూ ముందుకు తేవద్దు.