బిల్డ్, డిప్లాయ్‌మెంట్ – వాటి పరస్పర సంబంధం

నేటి కాలంలో కంప్యూటరు ప్రోగ్రాము ప్రవేశించని రంగం లేదు. అయితే ప్రోగ్రామును వ్రాయటంతోనే పని ముగియదు. మనిషి వ్రాసిన సోర్సు కోడును యంత్రం నడపగల రూపంలోకి మార్చాలి. దీనిని బిల్డ్ అంటాము. అట్లా తయారైన ప్రతిని సర్వర్లకు చేర్చి, అమర్చి, నడిపించాలి. ఇది డిప్లాయ్‌మెంట్. ఈ రెండింటి సంబంధాన్ని పరిశీలిద్దాము.

1976లో బెల్ లేబొరేటరీస్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అనే బిల్డ్ సాధనాన్ని రూపొందించారు. ఏ ఫైలు దేనిపై ఆధారపడునో మనము ముందుగా వ్రాసి ఉంచుతాము. మూలమైన ఫైలు దాని నుండి తయారైన ఫైలుకంటే కొత్తదైనప్పుడే మేక్ ఆ భాగాన్ని తిరిగి తయారుచేస్తుంది, తక్కినవాటిని ముట్టదు. 1993లో మార్క్ బర్జెస్ ప్రారంభించిన 'సీఎఫ్ఇంజిన్', 2012లో వెలువడిన 'ఆన్సిబుల్' ఇటువంటి ఆలోచననే సర్వర్లకు అన్వయించాయి. సర్వరు ఏ స్థితిలో ఉండవలెనో మనము వ్రాస్తాము. లోటు ఉన్నచోటనే అవి సాధారణంగా మార్పు చేస్తాయి.

ఇంత పోలిక ఉన్నప్పటికీ ఈ రెండు పనులనూ ఒకటిగా భావించరాదు. బిల్డ్ విఫలమైతే తిరిగి మొదలుపెట్టవచ్చును. వాడుకదారులకు ఆ సంగతే తెలియదు. డిప్లాయ్‌మెంట్ నడుస్తున్న యంత్రాలపై జరుగుతుంది. అది సగంలో ఆగితే కొన్ని సర్వర్లలో కొత్త ప్రోగ్రాము, కొన్నింటిలో పాతది మిగులుతుంది.

దీనికి 2012 ఆగస్టు 1న అమెరికాలో జరిగిన సంఘటనే నిదర్శనం. నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ ఎనిమిది సర్వర్లలో కొత్త కోడు ఉంచవలసి ఉండగా, అది ఏడింటికే చేరింది. ఎనిమిదవ దానిలో 2003 నుండి వాడకంలో లేని పాత కోడు మేల్కొని, అవాంఛిత ఆర్డర్లను వరుసగా పంపింది. సుమారు 45 నిమిషాలలో జరిగిన లావాదేవీల వలన సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వాటిల్లింది. ఎనిమిదవ సర్వరును సరిచూడవలసిన రెండవ వ్యక్తి లేడు. సరిచూడవలెనని వ్రాసిన నియమమూ లేదు.

కనుక బిల్డ్ ఒక్కసారే జరగాలి. తయారైన ప్రతికి సంఖ్యనిచ్చి, పరీక్షించి, భద్రపరచాలి. డిప్లాయ్‌మెంట్ సాధనం ఆ ప్రతినే అన్ని సర్వర్లకూ చేర్చి, చేరినదో లేదో సరిచూడాలి. ప్రతి సర్వరులోనూ వేరుగా బిల్డ్ చేస్తే, కంపైలర్లలోనో లైబ్రరీలలోనో తేడా వచ్చి, పరీక్షించినది ఒకటి, నడిచేది మరొకటి కావచ్చును.

ప్రోగ్రాము వ్రాయటం నేర్చుకుంటున్న విద్యార్థులమైన మనము, అది గమ్యం చేరేవరకూ మన బాధ్యత తీరదని గుర్తించటం అవసరం.