కొల్లేటి చెరువులు, ఎడారి కిబ్బుట్సులు: ఉమ్మడి సొత్తును గూర్చిన పాఠము

పఠనభాగములు: అపొస్తలుల కార్యములు 4:32–37, 6:1–7



ఆదిమ సంఘమువారు తమకు కలిగినదానిని ఉమ్మడిగా ఎంచుకొనిరని చదివినప్పుడు, అది ఆ కాలపు మాట, ఇప్పుడు సాగదని కొందరందురు. అయితే ఉమ్మడి సొత్తు మన కొల్లేటి లంకలకు క్రొత్త కాదు. దూరమున నున్న ఎడారిలోను దానిని నడిపినవారున్నారు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూతము.

1. కొల్లేరు

బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిలో కలియును. మిగులు నీరు ఉప్పుటేటి గుండ సముద్రమునకు పోవును. లంకలలోని వడ్డివారు తాటిదోనెలమీద తిరిగి చేపలు పట్టి బ్రదికిరి. ఊరి పెద్దలు కూర్చుండి ఉమ్మడి రాబడిని కుటుంబములకు పంచుట వారి పాత వాడుక. జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రిగా నున్న దినములలో (1973–78) ప్రభుత్వము సహకార సంఘములకు చేపల చెరువులు ఇచ్చెను. చెరువు ఒక్కరిది కాదు, సభ్యులందరిది.

అయితే చేపపిల్లకు, మేతకు పెట్టుబడి కావలెను. అది గలవారు వచ్చి చెరువులను లీజుకు తీసికొనిరి. సభ్యునికి లీజులో వాటాయు, తన చెరువుగట్టునే కూలిపనియు మిగిలెను. గట్లు పెరిగి నీటికి దారి ఇరుకాయెను. 1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమాయెను. 2006లో అందులోని చెరువుల గట్లు కొట్టివేయబడెను. పెట్టుబడిదారుడు వేరొక చోటికి పోగలడు. లంకలోని పేదవాడు ఎక్కడికి పోవును?

2. ఎడారి

కిబ్బుట్స్ అను హెబ్రీ మాటకు కూడిక అని అర్థము. మొదటిదైన దెగానియా 1910లో గలిలయ సముద్రపు దక్షిణపు కొనను వెలసెను. భూమి ఎవరి సొంతము కాదు, పని అందరిది, జీతము లేదు, ఒకే భోజనశాల, సభ్యులందరు కూడి తీర్మానింతురు.

పిమ్మట దక్షిణమున బెయేర్షెబా ప్రాంతపు ఎడారికిని పోయిరి. అక్కడ 1946లో హత్సెరీము వెలసెను. దాని నేల ఉప్పునేల. విడిచిపోవుదమా అని ఆలోచించి, నిలిచి ఆ నేలను నీటితో కడిగిరి. 1952లో స్దే బొకేరు పుట్టెను. ప్రధానమంత్రి పదవి విడిచిన బెన్ గురియోను 1953లో అక్కడ సభ్యుడై పని చేసెను. 1964 నుండి గలిలయ నీరు గొట్టములలో దక్షిణమునకు వచ్చెను. 1965లో హత్సెరీమువారు సింహా బ్లాస్ అను ఇంజనీరుతో కూడి బిందు సేద్యపు గొట్టముల పరిశ్రమ పెట్టిరి. నేడు తాడేపల్లిగూడెము మెరక తోటలలో చుక్కచుక్కగా నీరు విడుచు నల్ల గొట్టములు ఆ పనికి చుట్టములే.

వారి కథలోను మచ్చలున్నవి. ఆ ఎడారిలో మందలు మేపుకొనుచుండిన అరబ్బులనేకులు 1948 యుద్ధకాలమున చోటు కోల్పోయిరి. 1980 తరువాత కిబ్బుట్సులు అప్పులలో మునిగెను. ఇప్పుడు చాలవాటిలో పనినిబట్టి జీతము కలదు.

3. మనకు పాఠము

కొల్లేటివారు సోమరులని మేము చెప్పము. ఎడారివారికి ప్రభుత్వపు అండయు, విదేశముల ధనసహాయమును ఉండెను. మనవారికి అప్పిచ్చువాడు షావుకారే. అయినను ఒక్క భేదము గమనింపుడి. అక్కడ సభ్యుడు తన చేతులతో పనిచేసి, సభలో నోరు విప్పెను. ఇక్కడ వాటా కాగితముమీద నిలిచి, చెరువు పరుల చేతికి పోయెను.

ఆరవ అధ్యాయము చూడుడి. పంపకములో తమ విధవరాండ్రను మరచిరని సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు దానిని అణచలేదు. మంచిపేరు గల ఏడుగురిని ఏర్పరచుకొమ్మనిరి. నమ్మకముగా పంచుటయు ఆత్మసంబంధమైన పనియే.

మన సంఘములో పిడికెడు బియ్యపు సొమ్ము, స్త్రీల సమాజపు పొదుపు, ఊరి సొసైటీ ఉన్నవి. లెక్క చదివి వినిపింపని ఉమ్మడి సొత్తు మెల్లగా ఒకరి సొత్తగును. అడిగినవానిమీద కోపపడక, అడుగలేని విధవరాలికి మొదట వినిపింపుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘపు లెక్క కడపట ఎప్పుడు అందరియెదుట చదువబడెను?
2. మన వాటాను అవసరమునుబట్టి పరులకు విడిచినప్పుడు దానితోకూడ మరి దేనిని విడిచితిమి?
3. మన ఊరి పంపకములో మరువబడుచున్నవారెవరు?