నొప్పి తెలియని కన్ను

కంట్లో నలుసు పడితే మనిషి మరో పని చేయలేడు. కన్ను ఎర్రబడుతుంది, నీళ్ళు ధారకడతాయి, రెప్ప తనంతట తానే మూతబడుతుంది. ఈ బాధను మనం తిట్టుకుంటాం గాని, నిజానికి అది కంటికి కాపలా. కనుపాప ముందు గడియారం అద్దంలా అమరి ఉండే కార్నియా అనే పొరలో రక్తనాళాలు లేవు. నాడుల కొసలు మాత్రం చర్మంలోకంటె ఎన్నో రెట్లు దట్టంగా ఉంటాయి. ఆ నాడులే రెప్పను ఆడిస్తాయి, కన్నీటిని రప్పిస్తాయి, పైపొర గీసుకుపోతే మళ్ళీ అల్లుకునేందుకు తోడ్పడతాయి. కొకెయిన్ చేసే చెరుపు ఈ కాపలావాణ్ణి నిద్రపుచ్చడంతో మొదలవుతుంది.

విచిత్రమేమంటే, ఒకప్పుడు వైద్యులు దాన్ని నెత్తికెత్తుకున్నదీ ఈ గుణం చూసే. దక్షిణ అమెరికా కొండల్లో పెరిగే కోకా ఆకునుంచి 1860లో జర్మనీలో ఆల్బర్ట్ నీమన్ కొకెయిన్‌ను వేరుచేశాడు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే యువ వైద్యుడు (మన సైకాలజీ విద్యార్థులకు పరిచయమున్న ఫ్రాయిడ్‌కు స్నేహితుడు) ఆ ద్రావణాన్ని కప్ప కంట్లో వేసి సూదితో తాకి చూశాడు. కప్ప కదల్లేదు. ఆ తరువాత తన కంట్లోనే వేసుకుని గుండుసూదితో తాకించుకున్నాడు! ఆ సెప్టెంబరు 15న హైడెల్‌బర్గ్‌లో నేత్రవైద్యుల సభ జరిగితే, పాపం, ప్రయాణానికి డబ్బుల్లేక ఆయన వెళ్ళలేదు. పత్రాన్ని మరొకాయన చదివాడు. మెలకువగా ఉన్న రోగికి నొప్పి లేకుండా కంటి ఆపరేషన్ చేసే రోజులు అలా వచ్చాయి.

అయితే ఆ చుక్కలు పడిన కార్నియా పొడిబారి మసకేయడం, పైపొర ఊడిరావడం కూడ కంటివైద్యులు చూశారు. ప్రొకెయిన్ మొదలుకొని కృత్రిమ మందులు వచ్చాక కొకెయిన్ క్రమంగా పక్కకు తప్పుకుంది.

డాక్టరు చేతి చుక్క కథ అది. వ్యసనపరుడి సంగతి వేరు. పొగగా పీల్చేవారికి ఆ పొగ నేరుగా కళ్ళకు తగులుతుంది, వేళ్ళకంటిన పొడి కన్ను నలుపుకున్నప్పుడు లోపలికి పోతుంది. కార్నియా మొద్దుబారుతుంది. రెప్ప ఆడడం తగ్గుతుంది. గీత పడినా తెలియదు, పుండు పడినా తెలియదు. ఆ పుండులో సూక్ష్మజీవులు చేరితే కార్నియాకు చిల్లిపడేదాకా పోవచ్చు.

లోపలి సంగతి ఇంకొకటి. నాడుల కొసలనుంచి వెలువడిన నార్ ఎడ్రినలిన్ తిరిగి లోపలికి పోకుండా కొకెయిన్ అడ్డుపడుతుంది. దాంతో కనుపాప విప్పారుతుంది, రక్తనాళాలు ముడుచుకుంటాయి. కంటి ముందు భాగం పుట్టుకతోనే ఇరుకుగా ఉన్నవారికి, విప్పారిన పాప లోపలి నీరు బయటికిపోయే దారిని మూసేసి, గ్లాకోమా ఒక్కసారిగా విరుచుకుపడవచ్చు. రెటీనాకు పోయే ధమని మూసుకుపోతే ఉన్నట్టుండి చూపు పోతుంది. అప్పుడు నొప్పి కూడ ఉండదు. ఏళ్ళ తరబడి ముక్కుతో పీల్చినవారిలో ముక్కులోని ఎముక, మృదులాస్థి కుళ్ళి, ఆ తెగులు కంటిగూటికీ, ఒక్కోసారి దృష్టినాడికీ పాకిన సందర్భాలున్నాయి.

ఇక్కడ మనవాళ్ళకు సంబంధించిన మాట ఒకటి. ఆస్పత్రిలో నలుసు తీసేముందు వేసే తిమ్మిరిచుక్కలు కొకెయిన్ కావు, కాని గుణం అదే. "ఆ సీసా ఇంటికివ్వండి సార్, హాయిగా ఉంది" అని అడిగేవాళ్ళుంటారు. డాక్టరు ఇవ్వడు. రోజూ వేసుకుంటే పైన చెప్పిన పుండే పడుతుంది.

చూడడానికి ఘోరంగా ఉన్న పుండు రోగిని అంతగా బాధించకపోతే కంటిడాక్టరుకు అనుమానం వస్తుంది. దూదిని సన్నని పోగుగా తీసి కార్నియాకు తాకిస్తాడు. రెప్ప కొట్టకపోతే ప్రశ్నలు మొదలుపెడతాడు. అవి పోలీసు ప్రశ్నలు కావు. నిజం చెబితే, అలవాటు మానితే, తొలిదశలో పుండు మానుతుంది. లోతుకు పోతే మానినా తెల్లని మచ్చ మిగులుతుంది. మన ఊళ్ళలో దాన్నే కంట్లో పువ్వు అంటారు. పువ్వుపడ్డ కార్నియాను తీసి దాత కార్నియాను అతకవచ్చు గాని, స్పర్శలేని కంట్లో అది సరిగా అతుక్కోవడం కష్టం.